బూరుగుదూది భుజాలు

“‘నానే కుట్టినాను’ అన్నాడంటక్కా.”

సగం దించిన షట్టరు కిందనుంచి వంగి లోపలికొచ్చిన రామలక్ష్మి ఆ ఒక్క మాటా అనేసి దూది బస్తా మీద కూలబడింది. మూతికి కట్టుకున్న మాస్కు గడ్డం కిందికి జారిపోయినా సర్దుకోలేదు.

తులసమ్మ చేతిలో దబ్బనం పరుపులోకి సగం దిగి ఆగిపోయింది. ఆమె మొగుడు బలరాం లేచి షట్టరును నేలదాకా లాగేశాడు. వెనక గదిలోంచి కొడుకు సంజీవ్ వచ్చాడు. వాడి వెనకే కూతురు హైమ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

“ఎవులన్నారే?” అన్నాడు బలరాం.

“మీ తమ్ముడే, బావా. పొద్దున్నే టీ తాగుతున్నోణ్ణి వార్డాఫీసుకు రమ్మన్నారు. బల్లమీద ఆ దిండు పెట్టి ఇది ఎవురి కుట్టు అనడిగితే, నాదే అన్నాడంట. బజార్లో అమ్మినాను, ఎవులు కొన్నారో తెలీదు అన్నాడంట. మద్దేన్నానికి మిలట్రీ బండి వత్తాదంట.”

రామలక్ష్మి ఈ గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. ఉండేది ఎదురుగానే. ఆవిడ మొగుడు లింగరాజు బలరాంకు పినతండ్రి కొడుకు. ఇద్దరూ బలరాం తండ్రి దగ్గరే పరుపుల పని నేర్చుకున్నారు. ముసలాయన పోయాక లింగరాజు వీధికి అవతల వేరే షాపు పెట్టుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. పరుపుకు వేసే తాతముడిని కూడా వెంట తీసుకుపోయాడు. పురికొసను రెండుసార్లు తిప్పి, లోపలినుంచి లాగి బిగించే ఆ ముడి ఈ ఊళ్ళో ఇంకెవరూ వెయ్యరు. ముడి పెద్దకొడుకు ఇంటికే చెందాలని తులసమ్మ పట్టు. వేళ్ళు నావి, ముడి నాది అని లింగరాజు మొండితనం. అంతే, రెండిళ్ళకూ మాటలు పోయాయి.

“ఆడు ముడెయ్యడం నాకు తెలీదేటి?” అంది తులసమ్మ. “బస్తా మూతికి కట్టినట్టు కడతాడు. ఆ దిండు కుట్టింది నాను. ఆడెవుడు నాదనడానికి?”

అంత కష్టంలోనూ ముందు ఆమెకు వచ్చింది కోపమే. అది చూసి రామలక్ష్మి ఏడుపు మరిచిపోయి నోరు తెరిచింది.

“ఓలమ్మా, నీ ముడి గొడవ తగలెయ్య. ఆణ్ణి తీసికెల్లిపోతారక్కా.”

తులసమ్మకు అప్పుడు సిగ్గేసింది. దబ్బనం బయటికి లాగి కొంగుకు గుచ్చుకుంది.

వార్డాఫీసు బల్ల మీద ఉన్నది భుజందిండు. పజుండౌంగ్ రొయ్యల జట్టుది.

నవ్వకండి. పజుండౌంగ్ అంటేనే బర్మా మాటలో రొయ్యల దిబ్బ అని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. జట్టుకు పులులనీ సింహాలనీ పేర్లు పెడదామని అందరూ అంటుంటే, మనకు దొరికేది రొయ్యలే కదా అన్నాడు సంజీవ్. అలా ఖాయమైంది. యాంగోన్ నగరంలో అమెరికా ఫుట్‌బాల్‌కు ఒక లీగు ఉండేదని, అందులో మన తెలుగువీధి కుర్రాళ్ళ జట్టు ఒకటి ఆడేదని ఇవాళ చెబితే ఎవరు నమ్ముతారు? నమ్మినా నమ్మకపోయినా ఉండేది. ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన ఒక అమెరికా మాస్టారు సరదాకు మొదలుపెట్టాడు. మాస్టార్లదో జట్టు, చిమిండైంగ్ మార్కెట్టువాళ్ళదో జట్టు, ఇన్సీన్ వాళ్ళదో జట్టు, మన రొయ్యలు. అంతే లీగు.

కాలితో తన్నుకుంటూ పోయే ఆట కాదిది. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరిగెత్తాలి. పట్టుకున్నవాడి మీద అవతలివాళ్ళంతా పడి నేల కరిపించాలి. ఆ ఆటకు భుజాల మీద గట్టి రక్ష ఉండాలి. యాంగోన్ బజార్లో అలాంటి సరుకు దొరకదు. బలరాం షాపులో గుడ్డ ఉంది, దూది ఉంది, తులసమ్మ ఉంది. ఇంకేం కావాలి?

మొదటి ఆటకు ఆమె మామూలు పత్తిదూదే కూరింది. పరుపులవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. మెత్తగా ఉండాలనుకుందే గాని వానొస్తుందని అనుకోలేదు. ఆట మధ్యలో వాన పట్టుకుంది. దూది నీళ్ళు తాగి తాగి, రొయ్యలు ఒక్కొక్కరూ తడిసిన పరుపును మోస్తున్నట్టు మైదానంలో ఈడ్చుకుంటూ తిరిగారు. మాస్టార్ల జట్టు ఆడిందే ఆట అయింది. కంచె అవతల నిలబడి చూసినవాళ్ళు వారంపాటు నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది లింగరాజు. దిళ్ళు కట్టుకుని దొర్లే ఆట అని వీధిలో పేరు పెట్టింది కూడా వాడే.

తులసమ్మ ఆ దిళ్ళన్నీ విప్పి బూరుగుదూది కూరింది. బూరుగుదూదికి నీరు పట్టదు. ఎంత గుద్దుకున్నా ఊడకుండా తాతముడికి ఇంకో మెలిక కూడా కలిపింది. ఆ మెలిక ఆమె సొంతం. ఎవరికీ నేర్పలేదు.

రెండో ఏడాది రొయ్యలు మాస్టార్లను ఓడించారు. కిందా మీదా పడి సమంగా తెచ్చుకున్న ఆటలో, చివరికి బంతిని రెండు గుంజల మధ్యనుంచి తన్నాల్సి వచ్చింది. తన్నింది హైమ. జట్టుకు మనుషులు చాలక ఆడపిల్లను పెట్టుకున్నారని అప్పటిదాకా ఎగతాళి చేశారు అవతలివాళ్ళు. పేము బంతిని కాలితో ఎగరేసే చిన్‌లోన్ ఆడి పెరిగిన పిల్ల అని వాళ్ళకు తెలీదు. బంతి గుంజలు దాటాక రొయ్యలు ఆ పిల్లను భుజాలకెత్తుకున్నారు. ఆ భుజాల మీద దిళ్ళు తులసమ్మవి. ఆవిడ ఆ పూట ఇంటికి నడిచి రాలేదు, తేలిపోతూ వచ్చింది.

తర్వాత కరోనా వచ్చింది. మాస్టారు దొరికిన విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. మైదానానికి తాళం పడింది. రెండేళ్ళకే లీగు పోయింది, జట్టు పోయింది. ఎవరి ఇళ్ళలో వాళ్ళు తలుపులేసుకుని కూర్చున్న కాలం అది. దాని వెనకాలే ఈ ఫిబ్రవరిలో మిలట్రీవాళ్ళు గద్దె ఎక్కారు. ఊరంతా వీధుల్లోకి వచ్చింది. రొయ్యలు కూడా వచ్చారు. చొక్కాల కింద భుజందిళ్ళు కట్టుకుని తాకేటా వంతెన దగ్గర అడ్డంగా నిలబడ్డారు.

కాల్పులు మొదలయ్యాక బలరాం ఒక్క పూట నిద్రపోలేదు. పిల్లలందరి దిళ్ళూ తెప్పించి నంబర్లు పీకేయించాడు. రొయ్య బొమ్మలు కత్తిరించేశాడు. నీలం గుడ్డకు నల్లరంగు వేయించాడు. ఇంత చేసి ముడులు మాత్రం అలాగే వదిలేశారు. కుట్టిన వస్తువుకు ముడి ఉండకూడదన్న ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ రాదు. ఈ వార్డులో సగం మంది ఆ ముడి వేసిన పరుపుల మీదే పడుకుంటారు. వార్డు పెద్ద ఊ సాన్ మౌంగ్ కూడా అంతే. పిల్లలు మళ్ళీ వెళ్ళిన రోజు వంతెన దగ్గర దొరికిన దిండును మిలట్రీవాళ్ళు తెచ్చి ముందు పెట్టగానే ఆయన చూసింది ముడినే.

“నేనెళ్తాను” అన్నాడు సంజీవ్. “జట్టు పెట్టింది నేను. చిన్నాన్నకేటి సంబంధం?”

“కూకో” అన్నాడు బలరాం. “నువ్వెల్లి జట్టు అన్నావంటే జట్టులో ఎవులెవులు అంటారు. పేర్లు సెప్పకపోతే ఏటి సేత్తారో తెలీదేటి నీకు? ఆడు తెలివిగా సెప్పినాడు. బజార్లో అమ్మినానంటే ఆటా నేదు, జట్టూ నేదు. అక్కడితో తెగిపోద్ది.”

“ఆడి మెడతోటి తెగిపోద్ది” అంది రామలక్ష్మి.

బయట సైకిల్‌రిక్షా ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది.

తులసమ్మ కూతురి వైపు చూసింది. వంతెన దగ్గరినుంచి వచ్చిన రోజునుంచి హైమ సరిగ్గా అన్నం తినడంలేదు, మాట్లాడడంలేదు. నెట్టు లేని ఫోనును చేత్తో తిప్పుతూ కూర్చుంటోంది.

“పిల్లలందరి దిళ్ళూ కాలవలో పారేసినామన్నారు. మరి ఇదెవుల్దే?” అంది తులసమ్మ.

హైమ ఫోనును ఒళ్ళో బోర్లించింది.

“నీదేనా?”

“ఊఁ.”

“పారేసినానని నాతో సెప్పినావు.”

“అబద్ధం చెప్పేను.”

బలరాం చెయ్యెత్తాడు. సంజీవ్ మధ్యకు వచ్చాడు. ఆ చెయ్యి కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

“రవీంద్రకి తొడలో తగిలింది” అంది హైమ, నేల చూస్తూ. “రోడ్డు కాలిపోతోంది. వాడి తల కింద ఏదీ లేదు. తీసి పెట్టేను. తర్వాత వాణ్ణి లాక్కుని పరిగెట్టేం. దిండు ఉండిపోయింది.”

రవీంద్ర తాకేటా కుర్రాడు. ఇంట్లో ఒరియా, వీధిలో తెలుగు మాట్లాడతాడు. రొయ్యల జట్టులో బంతి విసిరేది వాడే. ఆట రోజుల్లో ఈ ఇంట్లో తిన్న అన్నానికి లెక్కలేదు. ఇప్పుడు చిమిండైంగ్‌లో వాళ్ళ మేనత్త ఇంట్లో దాక్కుని ఉన్నాడని జట్టువాళ్ళకు మాత్రమే తెలుసు.

“నాతో సెప్పొచ్చు కదే, ఇన్నాళ్ళూ ఒక్కర్తివీ కడుపులో పెట్టుకున్నావేటి” అంది తులసమ్మ. పిల్లను కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో ఆవిడకు తోచలేదు. లేచి, పక్క తాడు మీదున్న ఉతికిన మాస్కు తీసుకుంది.

“ఎటెల్తన్నావు?” అన్నాడు బలరాం.

“ఆఫీసుకి.”

“మతిగాని పోయిందేటి?”

“లింగరాజు సెప్పిందే నానూ సెప్తాను. కుట్టింది నాను, అమ్మింది నాను, కొన్నోడెవుడో తెలీదు. ఆడది ఏడుత్తా సెప్తే ఊ సాన్ మౌంగ్ కాస్త ఆలోసిత్తాడు. ఆయన పెళ్ళాం పురిటికి పరుపు కుట్టిచ్చింది నానే.”

“ఆలోసించకపోతే?”

“నా సేతిపనికి ఇంకోడు జైలుకెల్తే, ఈ షట్టరెత్తి రేపు నానెలా కూకుంటానయ్యా? ఎదురుగుండా రామలక్ష్మి మొకం సూడాల కదా.”

బలరాం షట్టరుకు అడ్డంగా నిలబడ్డాడు. భారీ మనిషి. ఆయన అడ్డం నిలబడితే ఆ ఇంట్లో గాలి కూడా కదలదు. తులసమ్మ ఎదురుగా నిలబడి ఊరికే చూసింది. తిట్టలేదు, బతిమాలలేదు. కాసేపటికి ఆయనే వంగి షట్టరు కొంచెం పైకెత్తాడు.

“పిల్లని బయటికి రానీకు” అని చెప్పి ఆమె రామలక్ష్మి చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చింది.

వీధిలో షాపులన్నీ మూసే ఉన్నాయి. గుడి తలుపు కూడా దగ్గరికి వేసి ఉంది. కాలవ వైపు మలుపులో మిలట్రీవాళ్ళు ఇసకబస్తాలు పేర్చుకుని కూర్చున్నారు. తోటికోడళ్ళిద్దరూ తలలు వంచుకుని గోడవారగా నడిచారు. ఇన్నేళ్ళ పంతాలూ ఎటు పోయాయో గాని, ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

“ఆట సూడ్డానికెల్లేవోడక్కా” అంది రామలక్ష్మి, నడుస్తూ నడుస్తూ. “పెతీ ఆటకీ ఎల్లేవోడు. నవ్వడానికెల్తన్నాననేవోడు. మాస్టార్ల మీద గెలిచిన్నాడు ఇంటికొచ్చి జిలేబీ పెట్టినాడు నాకు. ఎందుకయ్యా అంటే ఏటీ సెప్పడు.”

ఆ మనిషి నవ్వు తులసమ్మకు రెండేళ్ళుగా చెవిలో ముల్లు. ఆ నవ్వేవాడే జిలేబీ కొన్నాడా?

వార్డాఫీసులో ఊ సాన్ మౌంగ్ ఒక్కడే బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడని అనలేం. భయస్తుడు. కొత్త ప్రభుత్వం వచ్చాక పాత పెద్దను తీసేసి ఈయన్ని కూర్చోబెట్టారు. అప్పటినుంచి వీధిలో ఎవరూ ఆయన్ని చూసి నవ్వడంలేదు, ఆయనా ఎవరి కళ్ళలోకీ చూడడంలేదు. బెంచీ మీద లింగరాజు చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. బల్ల మీద నల్లగుడ్డ దిండు. ఒక పక్క కమిలి, మట్టి కొట్టుకుపోయి ఉంది.

తులసమ్మ చూడగానే గుర్తుపట్టింది. మగపిల్లల వాటికన్నా ఇరుకు. మెడ దగ్గర ఒత్తుకోకుండా కాస్త లోతుగా కత్తిరించింది. ఆ పిల్లకు మెడకింద ఎముక పైకి ఉంటుంది, అందుకని.

“ఊ సాన్ మౌంగ్, అది నా చేతి కుట్టు” అంది బర్మాలో. “ఇతనికీ దానికీ సంబంధం లేదు. నేనే కుట్టి బజార్లో అమ్మాను.”

లింగరాజు తల ఎగరేశాడు. “వదినా, నువ్వెందుకొచ్చినావు?” అని తెలుగులో గదిమి, ఆయన వైపు తిరిగి బర్మాలో అన్నాడు, “ఆవిడ మాట నమ్మకండి. మా అన్నదమ్ముల గొడవ మీకు తెలుసు కదా. నా పేరు మీద ఏది ఉన్నా ఆవిడ ఓర్చుకోలేదు.”

“నీ పేరా? నువ్వు కడితే ఆ ముడి మూడు గుద్దులకు ఊడిపోద్ది.”

“నువ్వు కట్టిందే ఊడిపోద్ది.”

వినేవాళ్ళకు ఇది జైలుకు పోటీపడడంలా లేదు. ఏ పండగరోజునో బేరం చెడి కొట్టుకుంటున్నట్టే ఉంది. ఊ సాన్ మౌంగ్ నుదురు రుద్దుకున్నాడు.

“ఇద్దరూ ఆగండి. నా కుర్చీ మెత్తకు ముడి ఊడి చాలాకాలమైంది. దానికి వెయ్యండి. దీంతో సరిచూస్తాను. ముందు కో లింగరాజు” అన్నాడు, బర్మావాళ్ళు పేరుకు ముందు పెట్టే మర్యాద మాటతో.

తులసమ్మ కొంగుకున్న దబ్బనం తీసి ఇచ్చింది. బల్ల సొరుగులో పురికొస దొరికింది. లింగరాజు మెత్తను మోకాళ్ళ మధ్య బిగించి దబ్బనం దించాడు. తులసమ్మ నిలబడి చూస్తోంది. తాతముడి వేస్తాడు, వెయ్యనీ. తన మెలిక వాడికి రాదు. అక్కడ దొరికిపోతాడు. దొరికిపోతే ఇంటికి పోతాడు. ఆమె ధీమా అదే.

పురికొస ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది. లోపలినుంచి లాగాడు. ఆగకుండా, వేలితో కొసను వెనక్కి తోసి ఆ మెలిక వేశాడు. బిగించాడు.

తులసమ్మ మెత్త మీదికి వంగి ఆ మెలికను వేలితో తడిమింది.

“నీకెవులు నేర్పినారు?” అంది.

లింగరాజు తల ఎత్తలేదు. “దిళ్ళు సిరిగినప్పుడల్లా పిల్లలు నాకాడికి తెచ్చేవోరు. నీకు తెలిత్తే ఆట మానేయమంటావని బయం వాళ్ళకి. నీ ముడి విప్పి సూసినాను, వదినా. మంచి ముడి. మా పెదనాన్నకీ రాదు అంత మంచిది.”

ఆమె ఈ మాట కోసం ఎన్నేళ్ళు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. మామగారు అంటారని చూసింది, అనకుండానే పోయారు. మొగుడు అంటాడని చూసింది, ఆయనకు తోచదు. ఇవాళ ఇక్కడ, ఈ మనిషి నోట. కళ్ళు మసకబారాయి. కొంగుతో తుడుచుకుని చెయ్యి చాపింది.

“ఇలా ఇయ్యి.”

మెత్త రెండో మూల ఆమె వేసింది. వెయ్యడం రానట్టు వెయ్యొచ్చు. రానట్టు వేస్తే ఇంటికి పోవచ్చు. ఆ ఆలోచన రాలేదని అంటే అబద్ధం. వచ్చింది. వేళ్ళు దాని మాట వినలేదు. అంతకన్నా బాగా ఆమె ఎప్పుడూ ఆ ముడి వెయ్యలేదు.

ఊ సాన్ మౌంగ్ రెండు ముడులూ చూశాడు, దిండు మీద ముడి చూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

“నాకు ఎవరు కుట్టారో అక్కర్లేదు” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “పైవాళ్ళకు ఒక జవాబు కావాలి. ఈ దిండు మీద పడి ఉండగా మిలట్రీవాళ్ళు చూసిన కుర్రాడు చిమిండైంగ్‌లో దొరికాడు. కాలికి గుండు దెబ్బ ఉంది. పేరు రవీంద్ర.”

తులసమ్మ పక్కనున్న గోడను పట్టుకుంది.

“బతికే ఉన్నాడు. నేను చెప్పేది వినండి, డా తులసీ. మీ షాపులోంచి ఆ కుర్రాడు దీన్ని దొంగిలించాడు. అంతే. మీరు ఆ మాట అనండి, కో లింగరాజు అదే మాట అంటాడు. బండి వచ్చేలోగా మీరంతా ఇళ్ళకు పోవచ్చు. వాడు ఎటూ దొరికినవాడే. ఇంకో మాట మీదపడితే వాడికి కొత్తగా పోయేదేముంది?”

“అనేయ్, వదినా” అన్నాడు లింగరాజు మెల్లగా, తెలుగులో. “ఇంట్లో ఆడపిల్లుంది. అనేసి పద.”

రామలక్ష్మి కూడా ఆమె చెయ్యి నొక్కింది.

ఒక్క మాట. దొంగ. ఆ మాటతో లింగరాజు బయటపడతాడు, హైమ బయటపడుతుంది, జట్టంతా బయటపడుతుంది. తన వంటింట్లో కూర్చుని ‘ఇంకొంచెం చారు పొయ్యండత్తా’ అన్న కుర్రాడు ఒక్కడే లోపల ఉండిపోతాడు. వాడు వంతెన దగ్గర నిలబడ్డవాడిగా కాక, దిండు ఎత్తుకుపోయినవాడిగా ఉండిపోతాడు. ఆమె నోరు తెరిచింది. కూతురు ఇంట్లో ఉందన్న మాట మనసులో ఒకటికి రెండుసార్లు చెప్పుకుంది.

“వాడు దొంగిలించలేదు.”

ఆ మాట అన్నది ఆమె కాదు. వెనకనుంచి, వీధి తలుపు దగ్గరినుంచి వచ్చింది. హైమ గుమ్మంలో నిలబడి ఉంది. పరిగెత్తుకొచ్చిందేమో, రొప్పుతోంది. తండ్రి చేతులు దాటి ఎలా వచ్చిందో, ఆయనే వదిలాడో తెలీదు.

“ఆ దిండు నాది” అంది హైమ బర్మాలో, ఒక్కో మాటా విడివిడిగా. “నేనే వాడి తల కింద పెట్టేను. మాది ఫుట్‌బాల్ జట్టు. బంతి తన్నేది నేను.”

రామలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊ సాన్ మౌంగ్ ఆ పిల్లను చూసి, వీధి వైపు చూసి, గబగబా లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

“చిన్నపిల్ల” అన్నాడు తులసమ్మతో. బతిమాలుతున్నట్టే ఉంది ఆయన గొంతు. “స్నేహితుణ్ణి కాపాడాలని అబద్ధం చెబుతోంది. ఆడపిల్లలు ఇలాంటి ఆటలాడతారా ఎక్కడైనా? నేను వినలేదు. మీరు తల్లి, మీరు చెప్పండి. మీ అమ్మాయి అబద్ధం చెబుతోంది కదా, డా తులసీ?”

దారి ఇంకా తెరిచే ఉంది. ‘అవును’ అంటే చాలు. లింగరాజు కళ్ళతోనే అనమంటున్నాడు.

తులసమ్మ కూతుర్ని చూసింది. ఆ రోజు గుంజల ముందు నిలబడ్డప్పుడు కూడా ఇలాగే నిలబడింది, ఎడమకాలు కొంచెం ముందుకు పెట్టి, ఎవరినీ చూడకుండా. తులసమ్మకు భయం వేసింది. అంత భయంలోనూ, ఇది నా పిల్ల అని గుండె నిండిపోయింది. ఆ పిల్లను అందరి ముందూ అబద్ధాలకోరును చేసి ఇంటికి తీసుకుపోవడం ఆమె వల్ల కాలేదు.

బల్ల దగ్గరికి వెళ్ళి దిండు చేతిలోకి తీసుకుంది. మట్టి దులిపింది.

“అబద్ధం కాదు” అంది. “దాని కొలతకే కుట్టాను. నేనే, నా చేత్తోనే కుట్టాను. మాస్టార్ల జట్టును ఓడించినప్పుడు దాని భుజాల మీద ఇదే ఉంది.”

ఊ సాన్ మౌంగ్ వచ్చి ఆమె చేతిలోంచి దిండు తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, పైవాళ్ళకు జవాబు చెప్పడానికి బల్ల మీది ఫోను దగ్గరికి లాక్కున్నాడు.